'బాగానే ఉన్నాం' అన్న మాటకు మార్కులెన్ని?

ఈ మధ్య మన సంస్థలకు వస్తున్న ప్రాజెక్టు కాయితాల్లో ఒక కొత్త అంశం తప్పనిసరిగా కనిపిస్తోంది. ఎంతమంది స్త్రీలకు కేసుల్లో సాయం చేశాం, ఎన్ని సంఘాలు పెట్టాం, ఎందరికి కూలి పెరిగింది అన్న లెక్కలు చాలడం లేదు. ఆ స్త్రీల 'మానసిక శ్రేయస్సు' ఎంత పెరిగిందో కూడా కొలిచి చూపించమంటున్నారు. అందుకోసం ఒక ప్రశ్నావళి పంపుతారు. పని మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, ముగించేటప్పుడు ఒకసారి నింపించమంటారు. మీ జీవితం మీకు తృప్తిగా ఉందా, భవిష్యత్తు మీద ఆశ ఉందా, మీ మాటకు విలువ ఉందనిపిస్తోందా అని అడిగి, ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేయాలి. ఆ అంకెలు ఎక్కడో కంప్యూటర్లోకి వెళతాయి. తిరిగి ఒక పట్టికగా, ఒక గ్రాఫుగా వస్తాయి. మన పని ఫలించిందో లేదో ఆ పట్టికే తేలుస్తుంది.

నేను గణాంక శాస్త్రవేత్తను కాను. గ్రామాల్లో స్త్రీల సంఘాలతో పనిచేస్తూ, ఇలాంటి ప్రశ్నావళులు వందల కొద్దీ నింపి, వాటితో తర్వాత ఏం చేస్తారో తెలుసుకుందామని ఆ శాస్త్రం కొంత చదువుకున్న కార్యకర్తను. మనలో ఈ అంకెల పట్ల రెండు రకాల ధోరణులు చూస్తున్నాను. 'స్త్రీల బాధను అంకెల్లో కొలవడమేమిటి, ఇదంతా పైవాళ్ల పటాటోపం' అని మొత్తంగా కొట్టిపారేసేవాళ్లు కొందరు. కంప్యూటర్ చెప్పింది కాబట్టి అది నిజమే అయ్యుంటుందని తలవంచేవాళ్లు మరికొందరు. ఈ రెండూ మనకు నష్టమే అని నా అభిప్రాయం. మనసుకు సంబంధించిన విషయాలను లెక్కగట్టే మోడల్ అంటే మరేం లేదు. మనుషులు ఇలా ఆలోచిస్తారు, ఇలా జవాబు చెబుతారు అని ముందే కొన్ని ఊహలు చేసుకుని, వాటి మీద నిలబెట్టిన లెక్క. ఆ ఊహలు ఎవరి జీవితాన్ని చూసి చేసినవి అని అడగడం మన బాధ్యత. అలా అడగకపోతే మన మౌనాన్నే మన సంతోషంగా రాసేసుకునే ప్రమాదం ఉంది.

సింగూరు వితంతువులు

ఈ విషయంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించిన అంకె ఒకటుంది. అది సున్నా.

1943లో బెంగాల్ కరువు లక్షలాదిమందిని పొట్టనబెట్టుకుంది. మరుసటి సంవత్సరం, 1944లో, కలకత్తా దగ్గర సింగూరు ప్రాంతంలో అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థ ఒక సర్వే చేసింది. అందులో భార్య పోయిన మగవాళ్లూ ఉన్నారు, భర్త పోయిన ఆడవాళ్లూ ఉన్నారు. జబ్బుగా ఉందనో, ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉందనో చెప్పినవాళ్లు మగవాళ్లలో 48.5 శాతం. వితంతువుల్లో 2.5 శాతం. 'జబ్బు' అన్న జవాబును పక్కనపెట్టి 'అంతంతమాత్రం' అన్న జవాబు ఒక్కటే చూస్తే, మగవాళ్లలో 45.6 శాతం ఆ మాట చెప్పారు. వితంతువుల్లో ఒక్కరు కూడా చెప్పలేదు. అమర్త్య సేన్ 1985లో వచ్చిన తన పుస్తకంలో ఈ లెక్కను చర్చకు పెట్టారు.

జ్వరం ఉంటే ఉంది, లేకపోతే లేదు. అది చెప్పడానికి పెద్దగా ఆలోచించనక్కర లేదు. కానీ 'నా ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉంది' అనాలంటే, ఇంతకన్నా మంచి ఆరోగ్యం నాకు ఉండాలి, అది నాకు దక్కాల్సిందే అన్న భావన మనసులో ఉండాలి. ఆ రోజుల్లో కరువులో మొగుణ్ని పోగొట్టుకున్న బెంగాలీ వితంతువుకు అలా అనుకునే హక్కు ఎవరిచ్చారు? ఒంటిపూట తిండి, తెల్ల చీర, ఇంట్లో ఒక మూల. తన బాధ లెక్కలోకి వచ్చే బాధ అని ఆమెకు ఎవరూ ఏనాడూ చెప్పలేదు.

ఇప్పుడు ఈ అంకెలను ఈనాటి మోడల్‌లో వేసి చూడండి. 'భర్త పోయిన స్త్రీల ఆరోగ్యం భార్య పోయిన మగవాళ్ల ఆరోగ్యం కన్నా ఎంతో బాగుంది' అని ఫలితం వస్తుంది. లెక్కలో తప్పేమీ ఉండదు. ఇచ్చిన అంకెలతో అది సరైన లెక్కే చేస్తుంది. ఇంకా ఎక్కువమందిని అడిగితే నిజం బయటపడుతుందనుకోవడం కూడా పొరపాటే. వెయ్యిమందికి బదులు లక్షమందిని అడిగినా, ఆ లక్షమందీ ఒకే కారణంతో నోరు మెదపకపోతే, తప్పు ఫలితమే మరింత గట్టిగా రుజువైనట్టు కనిపిస్తుంది.

దీనికి మరోవైపు కూడా చూడాలి. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సేన్ మరో సంగతి రాశారు. మన దేశంలో ఆయుర్దాయం బాగా ఎక్కువగా ఉన్న కేరళలోనే జబ్బు చేసిందని చెప్పేవాళ్లూ ఎక్కువ. ఆయుర్దాయం తక్కువగా ఉన్న బీహార్‌లో అలా చెప్పేవాళ్లూ తక్కువే. కేరళవాళ్లకు చదువు ఉంది, దగ్గర్లో ఆసుపత్రి ఉంది, ఏది జబ్బో తెలుసు, చెబితే వినేవాళ్లున్నారన్న నమ్మకం ఉంది. కాబట్టి చెబుతారు. అంటే ఫిర్యాదు పెరగడం ఒక్కోసారి పరిస్థితి మెరుగుపడిందనడానికి గుర్తు. స్త్రీల సంఘాల్లో పనిచేసేవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. సంఘం పెట్టిన కొత్తలో 'మా ఊళ్లో అలాంటి గొడవలేం లేవమ్మా' అంటారు. రెండేళ్లు గడిచాక అదే ఊరి నుంచి వారానికో కేసు వస్తుంది. ఆ రెండేళ్లలో మొగుళ్లు కొత్తగా కొట్టడం మొదలుపెట్టారా?

జవాబు అంకెగా మారే దారి

మనం రాసి పంపిన అంకె పట్టికగా తిరిగొచ్చేలోపు దానికి ఏమవుతుందో మెట్టు మెట్టుగా చూద్దాం.

మొదటి మెట్టులో మాట అంకె అవుతుంది. 'అసలు లేదు' అంటే 1, 'కొంచెం' అంటే 2, 'పరవాలేదు' అంటే 3, అలా. ఇలాంటి కొలబద్దను అమెరికాకు చెందిన రెన్సిస్ లికర్ట్ 1932లో ప్రతిపాదించాడు. ఆ తర్వాత లెక్కలు కట్టేవాళ్లు ఈ అంకెలను కూడి సగటు తీస్తారు. సగటు తీయాలంటే 1 నుంచి 2కు ఉన్న దూరమూ, 4 నుంచి 5కు ఉన్న దూరమూ సమానం అనుకోవాలి. తిండిలేని స్థితి నుంచి ఒక పూట తిండికి వచ్చిన ఆడమనిషి దూరమూ, రెండు పూటలా తిని కూతుర్ని కాలేజీకి పంపగలిగిన ఆడమనిషి దూరమూ ఒకటేనా? ఆ లెక్క ఒకటేనంటుంది.

రెండో మెట్టులో పది ఇరవై జవాబులను కలిపి ఒకే స్కోరు చేస్తారు. ఈ జవాబులన్నిటి వెనకా కంటికి కనిపించని 'శ్రేయస్సు' అనే వస్తువు ఒకటి ఉంది, దాన్నిబట్టే జవాబులు వస్తున్నాయి అన్నది ఇక్కడి ఊహ. అదే వస్తువు అందరిలోనూ ఒకే రకంగా జవాబులు పుట్టిస్తుందని కూడా అనుకోవాలి. ఇది ఎంత చిక్కో ఒక ఉదాహరణ చెబుతాను. కుంగుబాటును కొలవడానికి 1977లో వచ్చిన ఇరవై ప్రశ్నల కొలబద్ద ఒకటి ప్రపంచమంతటా వాడుకలో ఉంది. అందులో 'ఏడుపు వచ్చిన సందర్భాలు ఉన్నాయి' అన్న అంశం ఒకటి. ఒకే స్థాయి కుంగుబాటులో ఉన్న స్త్రీ పురుషుల్ని పోల్చి చూసినా ఈ ఒక్క అంశానికి స్త్రీలు ఎక్కువగా అవునంటారని తర్వాతి పరిశోధనల్లో తేలింది. మగవాడు ఏడవకూడదని నేర్పిన సమాజంలో ఇది వింతేమీ కాదు. కానీ ఆ అంశాన్ని అలాగే ఉంచి కూడితే ఆడవాళ్ల కుంగుబాటు ఉన్నదానికన్నా ఎక్కువగానూ, మగవాళ్లది తక్కువగానూ కనిపిస్తుంది. మంచి పరిశోధకులు ముందుగా దీన్ని పరీక్షిస్తారు. ప్రశ్న అందరి దగ్గరా ఒకేలా పనిచేస్తోందో లేదో చూడడానికి గణాంక శాస్త్రంలో పద్ధతులున్నాయి. మన దగ్గరికి వచ్చే ప్రశ్నావళుల విషయంలో, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చాక ఆ పరీక్ష జరిగిందా అని అడిగితే చాలాసార్లు జవాబు ఉండదు.

తెలుగులోకి మార్చడం అన్నాను కాబట్టి ఇంకో మాట. మన పల్లెల్లో ఆడవాళ్లు 'నాకు ఆందోళనగా ఉంది' అనరు. గుండె దడగా ఉందంటారు. తల తిమ్మిరంటారు, కాళ్లు లాగుతున్నాయంటారు, తెల్లబట్ట అవుతోందంటారు. గోవాలో విక్రమ్ పటేల్ బృందం 2005లో ప్రచురించిన పరిశోధనలో, తెల్లబట్ట అవుతోందని చెప్పుకున్న స్త్రీల విషయంలో ఆ ఫిర్యాదుకు ఇన్ఫెక్షన్లతో కన్నా మానసిక, సామాజిక కష్టాలతోనే ఎక్కువ సంబంధం కనిపించింది. బాధ ఏ భాషలో బయటికి వస్తుందో తెలియని ప్రశ్నావళికి ఆ బాధ దొరకదు.

మూడో మెట్టులో ఆ స్కోర్లతో పోలికలు మొదలవుతాయి. ఈ సంఘానికీ ఆ సంఘానికీ, నిరుటికీ ఈ ఏటికీ, దేశానికీ దేశానికీ. 1965లో హ్యాడ్లీ కాంట్రిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక నిచ్చెన ఊహించుకోమన్నాడు. అడుగున సున్నా, అంటే మీకు సాధ్యమైన అతి హీనమైన బతుకు. పైన పది, అంటే మీకు సాధ్యమైన అతి మంచి బతుకు. మీరు ఏ మెట్టు మీదున్నారు? 2012 నుంచి వస్తున్న ప్రపంచ సంతోష నివేదికలో దేశాల వరస ఈ ఒక్క ప్రశ్న సగటు మీదే ఆధారపడుతుంది. 2024లో 143 దేశాల్లో మన దేశం 126వది అని పత్రికలన్నీ రాశాయి. మనకు సాధ్యమైన అతి మంచి బతుకు ఏమిటి అన్నది ఎవరికి వాళ్లు ఊహించుకునేదే కదా. ఇంటి గడప దాటని ఆడపిల్ల నిచ్చెనా, ఆమె అన్న నిచ్చెనా ఒకే ఎత్తు ఉంటాయా?

స్త్రీవాదం సంతోషాన్ని తగ్గించిందట

ఇలాంటి పోలికలు రాజకీయాల్లో ఎలా పనిచేస్తాయో చూడడానికి అమెరికా ఉదాహరణ ఒకటి చాలు. బెట్సీ స్టీవెన్సన్, జస్టిన్ వూల్ఫర్స్ అనే ఆర్థికవేత్తలు 2009లో ఒక వ్యాసం ప్రచురించారు. 1972 నుంచి అక్కడ జరుగుతున్న ఒక జాతీయ సర్వేలో 'మీరు చాలా సంతోషంగా ఉన్నారా, ఓ మాదిరిగా ఉన్నారా, అంత సంతోషంగా లేరా' అని అడుగుతూ వస్తున్నారు. 1970లలో స్త్రీలు మగవాళ్లకన్నా ఎక్కువ సంతోషంగా ఉన్నట్టు చెప్పుకున్నారు. తర్వాతి దశాబ్దాల్లో ఆ ఆధిక్యం పోయింది. ఉద్యోగాలు, జీతాలు, హక్కులు పెరిగిన కాలంలోనే ఇలా జరిగింది.

ఆ రచయితలు దీనికి రకరకాల కారణాలు ఉండొచ్చన్నారు. స్త్రీల ఆశలు పెరిగి ఉండవచ్చు, పోల్చుకునే మనుషులు మారి ఉండవచ్చు, నిజం చెప్పడానికి భయం తగ్గి ఉండవచ్చు అన్నారు. కానీ బయట ప్రచారంలోకి వచ్చింది ఒక్కటే. స్త్రీ విముక్తి ఉద్యమం ఆడవాళ్ల సంతోషాన్ని చెడగొట్టిందన్న మాట. ఉద్యమాన్ని మొదట్నుంచీ వ్యతిరేకించినవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

పదేళ్లకు, 2019లో, తిమోతీ బాండ్, కెవిన్ లాంగ్ అనే మరో ఇద్దరు ఆర్థికవేత్తలు ఇలాంటి లెక్కల పునాదినే ప్రశ్నించారు. మూడు గడుల్లో ఏదో ఒకటి ఎంచుకోమన్నప్పుడు మనకు తెలిసేది వరస మాత్రమే. ఒక్కో గడిలో ఉన్నవాళ్ల సంతోషం ఎంత అన్నది తెలియదు. అది తెలియకుండా రెండు గుంపుల సగటును పోల్చాలంటే సంతోషం ఏ ఆకారంలో పరుచుకుని ఉంటుందో ముందే ఊహించాలి. ఆ ఊహ మారిస్తే ఫలితం తలకిందులు కావచ్చు. సంతోష పరిశోధనల్లో పేరుమోసిన ఫలితాలు అనేకం ఇలా తలకిందులు చేయవచ్చని వాళ్లు చూపించారు. అమెరికన్ స్త్రీల సంతోషం తగ్గిందన్న ఫలితమూ వాటిలో ఒకటి. దీనివల్ల స్త్రీల సంతోషం పెరిగిందని రుజువు కాదు. ఆ ప్రశ్నతో ఆ సంగతి తేల్చలేం అని మాత్రమే రుజువవుతుంది. కానీ అప్పటికే పదేళ్లపాటు ఆ అంకె చేయాల్సిన పని చేసేసింది.

ఇదే మన ఊళ్లలో చిన్న ఎత్తున జరుగుతోంది. పక్క జిల్లాలో నాకు తెలిసిన ఒక సంస్థ మూడేళ్లు స్త్రీల హక్కుల మీద శిక్షణలు పెట్టింది. చివర్లో నింపిన ప్రశ్నావళుల్లో స్త్రీల తృప్తి స్కోరు మొదటికన్నా తగ్గింది. కార్యక్రమం వల్ల మంచి జరగలేదు సరికదా చెడు జరిగిందేమో చూడమని నిధులిచ్చేవాళ్లు ఉత్తరం రాశారు. ఆ శిక్షణలకు వచ్చిన స్త్రీలతో నేను మాట్లాడాను. వాళ్లలో ఒకామె అన్నది: 'అప్పట్లో రోజుకు రెండు దెబ్బలే కదా, పక్కింటామె కన్నా నయమే అనుకునేదాన్నక్కా. ఇప్పుడు ఆ రెండు మాత్రం ఎందుకు తినాలి అనిపిస్తోంది.' ఆమె 'తృప్తి' తగ్గిందన్న మాట నిజమే. అది తగ్గడమే ఆ శిక్షణ సాధించిన ఫలితం.

ఆరోగ్య పరిశోధకులకు ఈ సంగతి తెలుసు. మనిషి లోపలి కొలబద్దే మారిపోతే ముందు స్కోరునూ తర్వాతి స్కోరునూ పోల్చకూడదని వాళ్లు చాలాకాలంగా చెబుతున్నారు. చివర్లో 'మూడేళ్ల కింద మీ పరిస్థితి ఎలా ఉండేదని ఇప్పుడు మీకు అనిపిస్తోంది' అని కూడా అడిగి, ఆ జవాబుతో పోల్చే పద్ధతి ఒకటుంది. జ్ఞాపకం మోసం చేయొచ్చు, మనల్ని సంతోషపెట్టడానికి చెప్పొచ్చు. కాబట్టి అదొక్కటే చాలదు. కానీ ఆ ప్రశ్న అడగకుండా 'చెడు జరిగింది' అని తేల్చడం అన్యాయం.

'మిగతావన్నీ సమానమైతే'

మోడల్స్‌లో మనం అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఈ మాట. స్త్రీలకూ పురుషులకూ మానసిక ఆరోగ్యంలో తేడా ఉందని ముందు చూపిస్తారు. తర్వాత ఆదాయం, చదువు, ఆస్తి, ఉద్యోగం, నిద్ర, ఇంటిపని అన్నీ లెక్కలోకి తెచ్చి, అవన్నీ సమానమైతే తేడా ఎంత అని అడుగుతారు. తేడా దాదాపు మాయమవుతుంది. వెంటనే 'ఇది స్త్రీ పురుష వివక్షకు సంబంధించినది కాదు, పేదరికానికి సంబంధించినది' అని రాసేస్తారు.

ఆడపిల్ల చదువు మాన్పించినది ఎవరు? ఒకే చేలో ఒకే పనికి ఆమెకు కూలి తక్కువ ఇచ్చేది ఎందుకు? ఆమె పేరున సెంటు భూమి ఎందుకు లేదు? 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు జీతం లేని ఇంటిపనిలో గడిపారు. అలా చేసే మగవాళ్లు గడిపింది 97 నిమిషాలు. వివక్ష పనిచేసేదే చదువు ద్వారా, కూలి ద్వారా, ఆస్తి ద్వారా, ఈ నిమిషాల ద్వారా. వాటన్నిటినీ సమానం చేసి చూస్తే మిగిలేది ఏముంటుంది? విషం ఎక్కిన దారులన్నీ లెక్కలోంచి తీసేసి, విషం పనిచేయలేదు అన్నట్టు ఉంటుంది ఆ వాదన. ఏ కారణాలను 'సమానం' చేయాలి, ఏవాటిని చేయకూడదు అన్నది కంప్యూటర్ తేల్చే సంగతి కాదు. సమాజం ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లు తేల్చాల్సిన సంగతి. అక్కడ మన అనుభవానికి చోటుంది.

సగటు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 'గ్రామీణ స్త్రీల సగటు స్కోరు' అన్నప్పుడు దళిత స్త్రీ, ఒంటరి స్త్రీ, ముస్లిం స్త్రీ, వికలాంగురాలు అందులో కలిసిపోతారు. వాళ్లని విడిగా చూడడానికి సరిపడా మందిని అడగకుండానే 'కులం వల్ల తేడా కనిపించలేదు' అని రాస్తారు. తేడా కనిపించకపోవడం వేరు, తేడా లేకపోవడం వేరు.

ఎనభై నాలుగు శాతం

2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో భర్త భార్యను కొట్టడం ఏ సందర్భంలోనైనా సబబేనా అని ఏడు కారణాలు చెప్పి అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇంటినీ పిల్లల్నీ పట్టించుకోకపోవడం, ఎదురు చెప్పడం, సరిగా వండకపోవడం వంటివి. ఏదో ఒక్క కారణానికైనా అవునన్న స్త్రీలు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. హిమాచల్ ప్రదేశ్‌లో 14.8 శాతం. ఈ అంకెలు వచ్చినప్పుడు చాలామంది నన్ను అడిగారు, 'ఆడవాళ్లే ఒప్పుకుంటుంటే మీ గొడవేంటి' అని.

ఈ అంకెను నేను దాచిపెట్టమనడం లేదు. అది మనకు సిగ్గుచేటైన అంకె, మన పని ఎంత మిగిలి ఉందో చెప్పే అంకె. కానీ అది చెప్పేదేమిటి? దెబ్బలు తినడం స్త్రీలకు ఇష్టమని కాదు. తమ చుట్టూ ఏ న్యాయం నడుస్తోందో స్త్రీలు ఎలా గ్రహించారో అది చెబుతుంది. 'కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది' అన్న సామెత వింటూ పెరిగిన మనిషి, అపరిచితురాలు పుస్తకం పట్టుకుని వచ్చి అడిగితే చెప్పే జవాబు అది. అదే సర్వేలో, దేశం మొత్తం మీద హింసకు గురైన స్త్రీలలో ఎవరినైనా సాయం అడిగినవాళ్లు 14 శాతం మాత్రమే. సాయం దొరకని చోట 'ఇది అన్యాయం' అని ఒప్పుకోవడం కూడా భారమే. సింగూరు సున్నా ఇక్కడ ఎనభై నాలుగుగా కనిపిస్తోంది.

అందుకే మాటను మాత్రమే కొలిచే సర్వే పక్కన బతుకును కొలిచే లెక్క ఉండాలి. జాతీయ నేర రికార్డుల సంస్థ ప్రకారం 2021లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న స్త్రీలు 45,026 మంది. వాళ్లలో సగానికి పైగా గృహిణులు. వీళ్లలో ఎంతమంది ఏదో ఒక రోజు 'బాగానే ఉన్నాం' అని చెప్పి ఉంటారు?

అంకెలు మనవి కూడా

ఇంత చెప్పినా, లెక్కలు మనకొద్దు అని నేననను. స్త్రీల ఉద్యమానికి లెక్కలు చాలా మేలు చేశాయి. ఎప్పుడు చేశాయంటే, అడిగే పద్ధతిలో స్త్రీల జీవితం తెలిసినవాళ్ల చెయ్యి ఉన్నప్పుడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పది దేశాల్లో 24,000 మందికి పైగా స్త్రీలతో చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. అందులో 'మీరు హింసకు గురయ్యారా' అని అడగలేదు. చెంపదెబ్బ కొట్టాడా, తోశాడా, జుట్టు పట్టి లాగాడా, గొంతు పిసికాడా అని ఒక్కొక్కటే అడిగారు. తన బతుకుకు 'హింస' అని పేరు పెట్టుకోని స్త్రీ కూడా చెంపదెబ్బను మరిచిపోదు. అడిగేవాళ్లకు ప్రత్యేక శిక్షణ ఇచ్చారు. పక్కన ఎవరూ లేకుండా చూశారు. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా హింస ప్రశ్నలను ఇంటికి ఒక్క స్త్రీనే, ఏకాంతం దొరికితేనే అడుగుతుంది.

ఆస్తి విషయంలో ప్రదీప్ పండా, బీనా అగర్వాల్ తిరువనంతపురం జిల్లాలో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనం మరో ఉదాహరణ. భూమీ ఇల్లూ రెండూ లేని స్త్రీలలో 49 శాతం భర్త చేతి దెబ్బలు తిన్నారు. భూమి ఉన్నవాళ్లలో 18 శాతం, ఇల్లు ఉన్నవాళ్లలో 10 శాతం, రెండూ ఉన్నవాళ్లలో 7 శాతం. చదువు, ఆదాయం వంటి మిగతా కారణాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆస్తి ప్రభావం నిలబడింది. ఇక్కడా మోడలే వాడారు. కానీ అడిగిన ప్రశ్న వేరు. 'ఆమె తృప్తిగా ఉందా' అని కాకుండా 'ఆమె చేతిలో ఏముంది' అని అడిగారు. భూమి పట్టా స్త్రీ పేరున ఎందుకుండాలని అడిగే అధికారి ముందు పెట్టడానికి ఇంతకన్నా గట్టి కాయితం మన దగ్గర లేదు.

మనసులోని కొలబద్దలు వేరువేరుగా ఉండే చిక్కుకు కూడా ఒక ఉపాయం ఉంది. గ్యారీ కింగ్, ఆయన సహచరులు 2004లో దీన్ని చూపించారు. ప్రభుత్వ నిర్ణయాల్లో మీ మాట ఎంత చెల్లుతుంది అని అడిగితే మెక్సికో వాళ్లకన్నా చైనా వాళ్లే ఎక్కువ చెల్లుతుందన్నారు. అప్పుడు అందరికీ ఒకే రకం చిన్న చిన్న కథలు చెప్పి, 'ఈ కథలో మనిషి మాట ఎంత చెల్లుతోంది' అని అడిగారు. ఆ జవాబులతో కొలబద్దలు సరిచేస్తే ఫలితం తిరగబడింది. మనమూ ఇలా చేయొచ్చు. 'ఒకావిడ కూలి డబ్బు తెచ్చి మొగుడి చేతికిస్తుంది. పుట్టింటికి వెళ్లాలంటే అత్తనడగాలి. ఆవిడకు ఎంత స్వేచ్ఛ ఉందంటారు?' అని ముందు అడిగి, తర్వాత 'మరి మీకు?' అని అడగొచ్చు. కథలోని ఆవిడ గురించి మన ఆడవాళ్లు మాట్లాడినంత ధారాళంగా తమ గురించి మాట్లాడరని మనకు తెలిసిందే.

మనం అడగాల్సినవి

కాబట్టి ప్రశ్నావళి మన చేతికి వచ్చినప్పుడు కొన్ని షరతులు పెట్టాలి.

మొదటిది, ప్రశ్నలు తయారుచేసేటప్పుడే గ్రామ స్థాయి కార్యకర్తలు, సంఘం స్త్రీలు కూర్చోవాలి. మన యాసలో, మన మాటల్లో అడిగి చూశాకే వాడాలి. రెండోది, తృప్తి స్కోరు ఒక్కదాన్నే ఫలితంగా తీసుకోకూడదు. తిండి, నిద్ర, కూలి, ఆస్తి, ఒంటరిగా బయటికి వెళ్లగలగడం, దెబ్బలు వంటివి పక్కన ఉండాలి. రెండూ వేరు కథలు చెబితే స్త్రీలనే పిలిచి కారణం అడగాలి. మూడోది, ఏ కారణాలను 'సమానం' చేసి లెక్కగట్టారో, చేయకముందు తేడా ఎంత ఉందో నివేదికలో రెండూ రాయాలి. నాలుగోది, ఏకాంతం లేనిచోట అడగకూడదు, అడిగి బాధ కదిలించాక ఆ మనిషిని అలా వదిలేసి రాకూడదు. ఎక్కడికి పంపాలో, ఎవరు తోడుండాలో ముందే ఏర్పాటు ఉండాలి. అయిదోది, వచ్చిన ఫలితాన్ని ముందుగా జవాబులిచ్చిన స్త్రీలకు చదివి వినిపించాలి. వాళ్ల గురించి వాళ్లకు తెలియని పట్టిక ఢిల్లీలోనో విదేశాల్లోనో తిరగడం న్యాయం కాదు.

వీటికి ఖర్చవుతుందంటారు. ప్రాజెక్టు బడ్జెట్‌లో ప్రశ్నావళికి డబ్బు ఉన్నప్పుడు దాన్ని సరిగా చేయడానికీ డబ్బు ఉండాలి. అది కుదరదంటే ఆ స్కోరు అడగొద్దని చెప్పే ధైర్యం మనకుండాలి. ఒక్కొక్క సంస్థ విడిగా చెబితే నిధులు పోతాయన్న భయం నాకూ తెలుసు. అందుకే జిల్లా స్థాయిలో సంస్థలన్నీ కలిసి ఒకే మాటగా చెప్పాలి.

ఇంకొక్క విషయం మరిచిపోకూడదు. గృహహింస నుంచి స్త్రీలను రక్షించడానికి 2005లో వచ్చిన చట్టం, నువ్వు సంతోషంగా ఉన్నావా అని అడిగి రక్షణ ఇవ్వదు. కనీస వేతనం కూలీ తృప్తిని బట్టి ఇచ్చేది కాదు. హక్కు అంటే అదే. 'నాకేం, బాగానే ఉన్నా' అన్న స్త్రీకి కూడా ఆ హక్కు ఉంటుంది. ఆ హక్కు దక్కిన తర్వాత ఆమె సంతోషం పెరుగుతుందా, కోపం పెరుగుతుందా అన్నది పరిశోధించాల్సిన విషయమే. కానీ ఆ పరిశోధన ఫలితం వచ్చేదాకా హక్కు ఆగకూడదు. స్కోరు తగ్గిందని హక్కుల పని ఆపమనేవాళ్లకు మనం చెప్పాల్సిన జవాబు ఇదే.